ఊదా బొటనవేలు

సివర్ట్ హౌగెన్ గోరు పెంచుతున్నాడని ముందు కనిపెట్టింది వాళ్ళావిడ గున్‌హిల్డ్. శుక్రవారం సాయంత్రం ఉడికిన బంగాళాదుంపకి తొక్క తీస్తున్నాడు. ఎడమచేతి బొటనవేలి గోరు దుంపలో దిగింది.

"రంపం దగ్గర నిలబడేవాడికి గోరేమిటి?" అంది.

"పెరుగుతోంది."

"మిగతావి పెరగట్లేదే."

ఎడమచేతికి మిగిలినవి మూడు. బొటనవేలు, చివరి రెండు. చూపుడువేలూ నడిమివేలూ పెంకుల మిల్లులో పోయాయి. మా ఊళ్ళో అది పెద్ద విషయం కాదు. దేవదారు దుంగల్ని కోసి ఇంటికప్పు మీదికి చెక్కపెంకులు చేసే ఊరు. చెయ్యి చూసి ఎవరెన్నేళ్ళు పనిచేశారో చెప్పెయ్యొచ్చు.

గున్‌హిల్డ్ బుట్టలోంచి పేపరు తీసి బల్ల మీద పెట్టింది. దాని కింద పార్సిలు రసీదు. దార్లో వాన పట్టుకున్నట్టుంది, రసీదు తడిసింది. పొడిగా మిగిలిన మేర రాత మామూలు పెన్సిలు రాతలాగే నల్లగా ఉంది. తడిసిన మేర ఊదాగా మారి పక్కకి పాకింది. ఆవిడ వేళ్ళకి కూడా అంటింది.

"పాడు పెన్సిలు. సబ్బుకి పోదు, సున్నానికి పోదు. వారం పది రోజులు ఉంటుంది," అంది చీరేసిన గుడ్డతో రుద్దుకుంటూ. "పోస్టాఫీసులో లెమ్‌కి చెప్పాను, మామూలు పెన్సిలు వాడరాదూ అని. సర్కారు పెన్సిలటమ్మా, ఊరు మొత్తానికీ ఇదొక్కటే, చెరిపినా చెరగదట. చెవి మీదనించి తియ్యడు దాన్ని."

సివర్ట్ ఉప్పు చల్లుకున్నాడు.

"నిన్నడిగాడు. వెళ్ళినప్పుడల్లా అడుగుతాడు, సివర్ట్ ఎలా ఉన్నాడని. వెళ్ళినప్పుడల్లా బాగానే ఉన్నాడని చెప్తా. ఆరేళ్ళయింది. ఒక్కసారి నువ్వే వెళ్ళి చెప్పొచ్చుగా."

"చేప ఇటివ్వు," అన్నాడు సివర్ట్.

ఆవిడ ఇచ్చింది.  గోరు మాత్రం ఆవిడ చూపునించి పోలేదు.

సోమవారం మిల్లులో వాన చప్పుడు రంపాల చప్పుడులో కలిసిపోయింది. సివర్ట్ పొట్టు లోపలికి పోకుండా ముక్కు కింద తడి స్పాంజి ముక్క కట్టుకుని రంపం ముందు నిలబడ్డాడు. దేవదారు మొద్దు వచ్చి పెద్ద రంపానికి తగులుతుంది. పెంకు ఊడి వస్తుంది. కింద పడేలోపు ఎడమచేత్తో అందుకోవాలి, కుడిచేతికి మార్చాలి, పక్కనున్న చిన్న రంపం మీద అంచు సరిచేసి కిందికి జారే గొట్టంలో వెయ్యాలి. రోజుకి ముప్పై వేలసార్లు. చెయ్యి చూసుకుని చేసే పని కాదు. చూసుకున్నవాడికే వేళ్ళు పోతాయి. ఆ రోజు సివర్ట్ గోరు విరక్కుండా బొటనవేలు లోపలికి మడిచి పట్టుకున్నాడు. రెండుసార్లు పెంకు జారింది.

గొట్టం కింద పెంకుల్ని కట్టలు కట్టే చోట ఇప్పుడు తోయ్‌వో అనే ఫిన్లండు మనిషి ఉన్నాడు. అంతకుముందు పదకొండేళ్ళు అక్కడ ఉన్నవాడు లెమ్ టిబెట్స్. సివర్ట్ పైన, లెమ్ కింద. సివర్ట్ పెంకు వేసిన తీరుని బట్టి వాడికి ఆకలేస్తోందో కోపమొచ్చిందో కింద లెమ్‌కి తెలిసిపోయేది.

మధ్యాహ్నం రొట్టె తింటున్నప్పుడు తోయ్‌వో పైకొచ్చాడు.

"రేపు నువ్వేనటగా ఓట్లు లెక్కపెట్టేది."

"ముగ్గురం."

"అయితే చెప్పు సివర్టూ, ఎవరికెయ్యమంటావ్? పోయినసారి నీ పూచీ మీదేగా వేశాం. ఇంటింటికీ వచ్చావు. మా లెమ్‌ని శాసనసభకి పంపండి, వాడు అక్కడ మన కూలీల పక్షం మెక్వేడ్‌ని సెనేటర్ని చేస్తాడు అన్నావు. పంపాం." తోయ్‌వో రొట్టె నమిలాడు. "మెక్వేడ్‌ని తెమ్మని పంపితే పోస్టాఫీసు తెచ్చుకున్నాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆరేళ్ళుగా నవ్వుతున్న నవ్వే. పాత చెప్పులా మెత్తబడింది కానీ కరవడం మానలేదు.

"ఈసారి ఎవరి పూచీ అక్కర్లేదు," అన్నాడు సివర్ట్. "సెనేటర్ని శాసనసభ ఎన్నుకోదు. పోయినేడు చట్టం మారింది. మన కాగితం మీదే పేరుంటుంది."

"అంటే ఈసారి అమ్ముడుపోతే మనమే పోవాలన్నమాట," అన్నాడు తోయ్‌వో. "నాకెవడూ పోస్టాఫీసు ఇవ్వడు. రెండు గ్లాసులు పోస్తే చాలు."

మళ్ళీ నవ్వారు. సివర్ట్ లేచి రంపం దగ్గరికి పోయాడు.

ఆరేళ్ళ కిందట, శాసనసభ సెనేటర్ని ఎన్నుకున్న రోజు, సివర్ట్ రాజధానికి వెళ్ళాడు. ఆ సంగతి గున్‌హిల్డ్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ఒక రోజు పని వదులుకుని, రైలెక్కి, శాసనసభలో పైన జనం కూర్చునే చోట కూర్చున్నాడు, లెమ్ మెక్వేడ్ పేరు చెప్తుంటే వినాలని. ఒక్కొక్కణ్ణీ పిలుస్తారు, వాడు లేచి సెనేటరు ఎవరో పేరు పైకి చెప్పాలి. లెమ్యుయల్ టిబెట్స్ అని పిలిచారు. లెమ్ లేచాడు. కొత్త కోటు. పైకి చూడలేదు. "స్ట్రాన్," అన్నాడు. స్ట్రాన్ మిల్లుల తరపు వకీలు. ఎల్బర్ట్ స్ట్రాన్ సెనేటరయ్యాడు. ఏప్రిల్లో లెమ్ పోస్టుమాస్టరయ్యాడు. ఎవరిని పోస్టుమాస్టరు చెయ్యాలో చెప్పేది సెనేటరే.

స్ట్రాన్ ఓడితే పోస్టాఫీసు ఇంకొకడికి పోతుంది. అప్పుడు లెమ్ ఎక్కడికి పోతాడు? ఈ ఊళ్ళో ఇంకో పని లేదు. మళ్ళీ ఈ గొట్టం కిందికే రావాలి. ఎర్రటి పొట్టులో దగ్గుతూ నిలబడాలి. పైన సివర్ట్ ఉంటాడు. ఆగకుండా వేస్తూనే ఉంటాడు. సివర్ట్‌కి కావలసింది అదొక్కటే. మెక్వేడ్ సెనేటరైతే ఏం చేస్తాడో అతను పెద్దగా ఆలోచించలేదు.

ఆ సాయంత్రం కట్టెల కొట్టంలో వడ్రంగి పెన్సిలు చీల్చి లోపలి నల్లముల్లు బయటికి తీశాడు. బియ్యపుగింజంత ముక్క విరిచాడు. దేవదారు బంకని దీపం మీద వేడిచేసి, ఆ ముక్కని ఎడమ బొటనవేలి గోరు కింద అతికించాడు. ఈ విద్య యూనియన్ హాల్లో ఒక ముసలాయన దగ్గర విన్నది. ఓటు కాగితం మడత విప్పేటప్పుడు గోటితో ఇంకో పేరు పక్కన చిన్న గీత గీస్తే చాలు. ఒకే పదవికి రెండు గుర్తులుంటే ఆ ఓటు చెల్లదు. పాత పేపరు అంచు మీద గీసి చూశాడు. సన్నగా, నల్లగా పడింది.

మంగళవారం బడి బల్లలన్నీ గోడకి జరిపారు. మూలన తాడు కట్టి రెండు దుప్పట్లు వేలాడదీశారు. వాటి వెనక ఒక బల్ల, దారంతో కట్టిన మామూలు పెన్సిలు. ఎన్నికకి పెద్దగా కూర్చున్నవాడు వార్డ్‌వెల్. మిల్లులో హాజరు గంటలు రాసుకునే ఆయన. పక్కన సివర్ట్. లెక్క రాయడానికి బడి టీచరు ఓర్పా డీన్. ముగ్గురూ బైబిలు మీద చెయ్యి పెట్టి న్యాయంగా లెక్కిస్తామని ప్రమాణం చేశారు. సివర్ట్ కుడిచెయ్యి పెట్టాడు.

"ఒక్క మాట," అన్నాడు వార్డ్‌వెల్, గడియారం బల్లమీద పెడుతూ. "కాగితం మీద వేరే గుర్తున్నా, వేరే రంగున్నా చెల్లదు. అలాంటిది కనిపిస్తే నాకు చూపించండి. అలా గుర్తుపెట్టి వేసేవాళ్ళెవరో తెలుసుకోవాలని కంపెనీవాళ్ళకి సరదాగా ఉంది."

"చట్టానికి అయితే సరదా లేదండీ," అంది టీచరమ్మ. "చెల్లదంటే పక్కన పెట్టడమే. ఎవరిదని వెతకమని లేదు."

"మీరు లెక్క రాయండి టీచరమ్మా."

జనం వచ్చారు. గొడుగులు నీళ్ళు కార్చుకుంటూ గుమ్మం పక్కన నిలబడ్డాయి. మొగవాళ్ళు మిల్లులో మధ్యాహ్నం గంట కొట్టాక వచ్చారు, ఆడవాళ్ళు అంతకుముందే. గున్‌హిల్డ్ వచ్చింది. మొగుడి చేతిలోంచి కాగితం తీసుకుంటూ ఒక్క క్షణం గోరు కేసి చూసింది. నల్లగా ఉంది.  దుప్పటి వెనక్కి వెళ్ళింది, వచ్చింది, కాగితం మడిచి పెట్టెలో వేసింది, వెళ్ళిపోయింది.

నాలుగింటికి లెమ్ వచ్చాడు. ఆరేళ్ళలో నున్నబడ్డాడు. మొహాన పొట్టు లేదు, చొక్కాకి ఇస్త్రీ ఉంది. చెవి మీద పెన్సిలుంది. దగ్గు మాత్రం వదల్లేదు. గుమ్మంలో నిలబడి దగ్గి, తగ్గాక లోపలికొచ్చాడు.

"లెమ్యుయల్ టిబెట్స్," అని పట్టీలో చూసి సివర్టే చదవాలి. చదివాడు.

"బావున్నావురా?" అన్నాడు లెమ్.

సివర్ట్ కాగితం ముందుకి తోశాడు.

"మీ ఓటు గురించి మాకు దిగుల్లేదులెండి పోస్టుమాస్టరు గారూ," అన్నాడు వార్డ్‌వెల్. "కళ్ళు మూసుకుని వేసినా సరైన చోటే పడుతుంది."

లెమ్ నవ్వాడు. దుప్పటి వెనక్కి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. దుప్పటి కింద బూట్లు కనిపిస్తున్నాయి. ఒక బూటు ఇంకోదాని మీదికెక్కి మళ్ళీ దిగింది. బయటికొచ్చి కాగితం పెట్టెలో వేస్తున్నప్పుడు సివర్ట్ అతని చేతిని చూశాడు.  పెన్సిలు చెవి మీదే ఉంది.

చీకటిపడగానే తలుపు మూసి, దీపం పెట్టి, పెట్టె తాళం తీశారు.

సివర్ట్ కాగితం విప్పి పేరు చదివి వార్డ్‌వెల్ ముందు పెట్టాలి. వార్డ్‌వెల్ చూసి కుప్పలో వేస్తాడు. టీచరమ్మ గీత గీస్తుంది. కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. సివర్ట్ ఒక్కోదానికీ బొటనవేలు నాలుకకి తగిలించి విప్పుతున్నాడు. నాలుక మీద బంక చేదు.

"మెక్వేడ్... స్ట్రాన్... స్ట్రాన్... మెక్వేడ్."

తొమ్మిదో కాగితం స్ట్రాన్‌ది. విప్పుతూ గోరు లాగాడు. తేలిగ్గా పడింది.

"దీనికి రెండు గుర్తులున్నాయి," అన్నాడు.

వార్డ్‌వెల్ దీపం దగ్గర పెట్టి చూశాడు. "తాగొచ్చినట్టున్నాడు వెధవ. చెల్లదు."

పదిహేడోదీ అంతే. ఇరవై ఆరోదీ అంతే. వార్డ్‌వెల్ మూడోసారి కాగితంతోపాటు సివర్ట్ మొహం కూడా చూశాడు. సివర్ట్ మొహంలో చూడ్డానికి ఎప్పుడూ ఏమీ ఉండదు. ఇక కాసేపు ఆగాలి అనుకున్నాడు. గుండె మాత్రం పెద్ద రంపంలా తిరుగుతోంది. మూడు. ఇంకో పది కావాలి. పెద్దచేప నీళ్ళలో కదిలినట్టు ఒక సంతోషం కదిలింది లోపల.

ఇంకొక కాగితం తీశాడు. వేలు తడిచేసి విప్పాడు. మెక్వేడ్ పేరుకెదురుగా గుర్తు. నల్లటి మామూలు గుర్తే. బొటనవేలు సరిగ్గా దానిమీద పడింది. తీసేసరికి గుర్తులో సగం ఊదాగా ఉంది.

వేలు చూసుకున్నాడు. వేలూ ఊదాగానే ఉంది.

ఊరు మొత్తానికీ ఒక్కటే పెన్సిలు. దుప్పటి వెనక దారానికి కట్టిన పెన్సిలుండగా, లెమ్ చెయ్యి అలవాటు కొద్దీ చెవిమీదికి పోయింది. మిల్లు వదిలినా మిల్లు చెయ్యి పోదంటారు. పోస్టాఫీసు చెయ్యీ అంతే.

వార్డ్‌వెల్ గడియారానికి కీ ఇస్తున్నాడు. ఒక్క మాట చాలు. ఇది చూడండి, అంటే చాలు. వార్డ్‌వెల్ కూడా ఆ ఊదా రసీదులు అందుకున్నవాడే. రేపటికి కంపెనీకి తెలుస్తుంది, వారంలో స్ట్రాన్‌కి తెలుస్తుంది. స్ట్రాన్ గెలిస్తే ఇంకా మంచిది. తన ఉప్పు తిని తనకే ఎదురు వేసినవాణ్ణి సెనేటరు ఒక్క రోజు ఉంచడు. ఇంతకాలం వెతికింది ఇదే. గోరు అక్కర్లేదు. ఎవరు గెలిచినా ఒకటే. లెమ్ తన మెడ తనే మడిచి, పెట్టెలో వేసి వెళ్ళాడు.

"పేరు?" అంది టీచరమ్మ.

సివర్ట్ కాగితం చూస్తూనే ఉన్నాడు. రాజధానిలో లెమ్ కోటు వీపు మీద ముడతలు గుర్తొచ్చాయి. ఆ పేరు చెప్పాక కూర్చోడానికి కుర్చీ వెతుక్కున్నాడు వాడు. కుర్చీ వెనకే ఉంది.

"సివర్ట్ గారూ, పేరు?"

"మెక్వేడ్," అన్నాడు.

అంటూ బొటనవేలు గుర్తుమీద పెట్టి గట్టిగా నొక్కి లాగాడు, ఇటు ఒకటి, అటు ఒకటి. గోరు కింద ఉన్న ముక్క పొడి అయిపోయింది. ఊదామీద నలుపు దట్టంగా కూర్చుంది. దీపం వెలుతుర్లో చూస్తే ఎవరో మొరటువాడు కసిగా వేసిన గుర్తులా ఉంది. వార్డ్‌వెల్ చూసి, "వీడికి మెక్వేడంటే ఎంత ప్రేమో," అని కుప్పలో వేశాడు.

సివర్ట్ వేలు పిడికిట్లోకి మడిచాడు. వేళ్ళు లేని చేతిని మడిస్తే ఎవరూ పట్టించుకోరు. మిగిలిన కాగితాలన్నీ కుడిచేత్తో విప్పాడు. గోరు కింద ఇంకేం లేదు. స్ట్రాన్ కాగితాలు వస్తుంటే ఒక్కొక్కటీ ఉన్నదున్నట్టు చదివాడు. ఆ ఓటు చెల్లకపోతే మెక్వేడ్‌కి ఒకటి తగ్గేది, అందుకే చేశాను, అని మనసులో అనుకున్నాడు. రెండుసార్లు అనుకోవలసి వచ్చింది.

మా ఊళ్ళో మెక్వేడ్‌కి అరవై నాలుగు, స్ట్రాన్‌కి యాభై ఒకటి, చెల్లనివి మూడు. రాష్ట్రమంతా కలిపితే స్ట్రాన్ గెలిచాడు. గురువారం తంతి వచ్చింది. మిల్లు యజమాని ఈల రెండుసార్లు వేయించాడు.

"ఈసారి లెమ్‌ని తిట్టడానికి లేదు," అన్నాడు తోయ్‌వో. "రాష్ట్రం మొత్తాన్ని తిట్టాలి. అంత ఓపిక నాకు లేదు."

శుక్రవారం సివర్ట్ మిల్లునించి ఇంటికి రాకుండా పోస్టాఫీసుకి పోయాడు. గోరు బుధవారమే కత్తితో కోసేశాడు. వేలు మాత్రం గోరు మొదలునించి కణుపు దాకా ఊదాగానే ఉంది. లోపల నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అతను రాగానే మాటలు ఆగాయి. ఆ గది అతనికి కొత్త. వార్నిషు వాసన, వెచ్చటి పొయ్యి. పొట్టు లేదు. ఒక్కొక్కళ్ళే కదిలారు. కిటికీ ముందుకొచ్చి ఎడమచెయ్యి చెక్కమీద పరిచి పెట్టాడు.

"నా పేరున ఏమన్నా ఉందా?"

లెమ్ ముందు అతని మొహం చూశాడు. సంతోషం లాంటిది వచ్చింది మొహంలోకి. తర్వాత చెయ్యి చూశాడు. వేలు చూశాడు. సంతోషం ఎలా వచ్చిందో అలాగే పోయింది. చెవిమీద పెన్సిలు తీసి సొరుగులో పెట్టి మూశాడు.

వెనక వార్డ్‌వెల్ నిలబడి ఉన్నాడు. "ఏమోయ్ సివర్ట్, ఆ వేలికేమైంది?"

సివర్ట్ వెనక్కి తిరగలేదు. లెమ్ కళ్ళలోకే చూశాడు. లెమ్‌కి దగ్గు వస్తోంది, ఆపుకుంటున్నాడు.

"మా ఆవిడ ఆ ఊదారంగు అడవిపళ్ళు కాచి సీసాల్లో పోసింది," అన్నాడు సివర్ట్. "మూత తీయబోతే అంటింది."

"ఉత్తరాలేం లేవు," అన్నాడు లెమ్. 

"రేపొస్తా."

శనివారం వెళ్ళాడు. సోమవారం వెళ్ళాడు. వరసలో నిలబడతాడు, వంతు వచ్చాక చెయ్యి చెక్కమీద పరుస్తాడు, ఏమన్నా ఉందా అంటాడు, లేదంటే వెళ్ళిపోతాడు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళిద్దరూ కలిసిపోయారనుకున్నారు. గున్‌హిల్డ్ కూడా అనుకుంది. "మంచి పని చేశావు," అంది. లెమ్ లెక్కలో తప్పులు చేస్తున్నాడని, ఒకరి ఉత్తరం ఇంకొకరికి ఇస్తున్నాడని కూడా అంది. "పాపం, నిద్ర లేనట్టుంది."

బుధవారం వాన ఎక్కువైంది. గదిలో ఇంకెవరూ లేరు. లెమ్ కిటికీ దగ్గరికి వంగాడు.

"ఎవరెవరు చూశారు?"

"నేనే."

"వార్డ్‌వెల్?"

"చూడనివ్వలేదు."

లెమ్ ఊపిరి వదిలాడు. "ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే అయిపోతుంది కదా."

ఆ మాట లెమ్‌కి ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. రెండు చేతులూ చెక్కమీద పెట్టాడు. పదివేళ్ళూ ఉన్నాయి.

"ఆ గొట్టం కింద ఇంకో ఏడాది ఉంటే చచ్చిపోయేవాణ్ణి. డాక్టరు చెప్పాడు. నీకు చెప్దామంటే నువ్వు... ఇచ్చిన మాట తీర్చాలని ఆరేళ్ళు చూశాను. తీర్చాను కదా. నువ్వే చూశావు కదా. అదే పేరు."

సివర్ట్ ఆలోచించాడు. అంత పెద్ద మాట అతను చాలా కాలంగా ఎవరితోనూ అనలేదు. నోట్లో కూడబలుక్కోవలసి వచ్చింది.

"అమ్మింది అందరి ముందు," అన్నాడు. "పైన నేను కూడా కూర్చుని ఉన్నాను. తీర్చింది దుప్పటి చాటున."

"నువ్వు వచ్చావా? రాజధానికి?"

"ఏమన్నా ఉందా నా పేరున?"

లెమ్ తల అడ్డంగా ఊపాడు.

తర్వాతి శుక్రవారానికి వేలు మీద రంగు వెలిసిపోయింది. గోరు పక్కన గీతలా కొంచెం మిగిలింది. మిల్లులో పొట్టు, చెమట, సబ్బు, అన్నీ కలిసి తినేశాయి. సివర్ట్ వరసలో నిలబడ్డాడు. ముందు తోయ్‌వో, వెనక వార్డ్‌వెల్, ఇంకో ఇద్దరు. వంతు వచ్చింది. చెయ్యి పరిచాడు. లెమ్ ఆ వేలు చూశాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి భుజాలు కిందికి దిగాయి.

"ఉందిరా ఇవాళ," అన్నాడు. "నార్వేనించి. మీ అన్న దగ్గర్నించి. సంతకం పెట్టాలి."

పుస్తకం తిప్పి ముందుకి తోశాడు. సొరుగు తీసి పెన్సిలు ఇచ్చాడు.

సివర్ట్ కుడిచేత్తో సంతకం పెట్టాడు. మూడేళ్ళ బడి సంతకం, నెమ్మదిగా, ఒక్కో అక్షరం. పెట్టాక పెన్సిలు తిరిగి ఇవ్వలేదు. ఎడమచేతి బొటనవేలు నాలుకకి తగిలించుకున్నాడు. ఆ తడివేలి మీద పెన్సిలు మొన పెట్టి, గోరు మొదలునించి కణుపు దాకా, పెంకు అంచు సరిచేసినంత శ్రద్ధగా రుద్దాడు. ఊదా పొంగింది. మెరిసింది.

"ఏం చేస్తున్నావోయ్?" అన్నాడు వెనకనించి వార్డ్‌వెల్.

సివర్ట్ పెన్సిలు లెమ్ చేతిలో పెట్టాడు. లెమ్ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీనట్టు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత చెయ్యి తనంతట తనే పైకి పోయింది, చెవిమీద పెట్టుకుంది.

సివర్ట్ ఉత్తరం చొక్కాలో దోపుకుని టోపీ పెట్టుకున్నాడు.

"రేపొస్తా," అన్నాడు.